క్లోమంలోని దీవులు

షోళింగనల్లూరులో ఒక అక్కకు ఆరో నెల. తల్లి ఆమెను ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళింది. నర్సమ్మ 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్ళు ఇచ్చింది.

“మా ఇంట్లో ఎవరికీ చక్కెర వ్యాధి లేదు. నాకెందుకమ్మా ఈ పరీక్ష?” అని అక్క అడిగింది.

“తాగి రెండు గంటలు కూర్చో తల్లీ. ఆ తరువాత రక్తం తీసి చూస్తాం. లోపల జరిగేది పైకి కనబడదు కదా!” అన్నది నర్సమ్మ.

లోపల జరిగేది ఏమిటో మనమూ తెలుసుకుందాం.

జీర్ణాశయం వెనుక క్లోమం అనే గ్రంథి ఉంది. 1869లో బెర్లిన్‌లో వైద్య విద్యార్థి పాల్ లాంగర్‌హాన్స్ దానిని సూక్ష్మదర్శినిలో పరీక్షించి, దీవులవలె విడిగా ఉన్న కణాల గుంపులను చూశాడు. వాటి పని ఏమిటో అతనికి తెలియలేదు. తరువాతివారు వాటికి అతని పేరే పెట్టారు. అవే లాంగర్‌హాన్స్ పుటికలు. ఒక మనిషిలో ఇవి సుమారు 10 లక్షలు ఉంటాయి.

పుటికలలోని బీటా కణాలు ఇన్సులిన్ అనే హార్మోనును తయారుచేస్తాయి. రక్తంలోని చక్కెర కండరాలలోకి చేరడానికి అది తోడ్పడుతుంది. ఇలా హార్మోనును పుట్టించే కణాలే ఇతర హార్మోన్ల మాట కూడా వింటాయి. మనం అన్నం తినగానే పేగులనుండి వెలువడే హార్మోన్లు ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తాయి. సొమాటోస్టాటిన్ అనే హార్మోను దానిని తగ్గిస్తుంది.

గర్భిణిలో ఈ సంబంధం మరింత చిత్రమైనది. బిడ్డకు చక్కెర అందాలి. అందుకే మాయనుండి వచ్చే హార్మోన్లు తల్లిలో ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. బీటా కణాలపై భారం పెరుగుతుంది. అయితే మాయ హార్మోన్లే ప్రొలాక్టిన్‌తో కలిసి ఆ కణాలకు బలం కూడా ఇస్తాయి. చూలు ఎలుకలలో బీటా కణాల సంఖ్య పెరగడం శాస్త్రజ్ఞులు గమనించారు. ఆ బలం చాలకపోతే తల్లి రక్తంలో చక్కెర పెరుగుతుంది. బిడ్డ మితిమీరి పెరిగి కాన్పు కష్టం కావచ్చు. చక్కెర చాలాకాలం హెచ్చుగా ఉంటే బీటా కణాలు దెబ్బతింటాయి. పెద్దవారిలో అవి తిరిగి పుట్టడం అరుదు.

గర్భిణులందరికీ ఈ పరీక్ష చేయాలని చెన్నై వైద్యుడు డాక్టర్ వి. శేషయ్య పాటుపడ్డారు. 2007లో తమిళనాడు ప్రభుత్వం అందుకు ఉత్తర్వు ఇచ్చింది.

అక్క పరీక్షలో 152 మిల్లీగ్రాములు వచ్చింది. 140 దాటకూడదు. “భయపడకు తల్లీ. అన్నం కొంచెం తగ్గించి కూర, పప్పు ఎక్కువ తిను. రోజూ నడువు. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుగారు మందు ఇస్తారు. కాన్పైన ఆరు వారాలకు మళ్ళీ పరీక్షకు రా” అన్నది నర్సమ్మ.

“ఎవరికీ లేదని ఇంట్లోనే ఉండిపోతే ఏమయ్యేదో!” అన్నది తల్లి.

అర్థాలు
పుటిక – చిన్న తిత్తి
మాయ – గర్భంలో బిడ్డకు ఆహారం అందించే అవయవం
చూలు – గర్భం

ప్రశ్నలు
1. బీటా కణాలు చేసే పని ఏమిటి?
2. మాయ హార్మోన్లు బీటా కణాలకు భారమూ బలమూ ఎట్లా అవుతాయి?
3. ఇంట్లో ఎవరికీ చక్కెర వ్యాధి లేకపోయినా గర్భిణికి పరీక్ష ఎందుకు అవసరం? మీ మాటల్లో రాయండి.