పొదుగు పెట్ట: ఎప్పుడు కూర్చుండబెట్టవలెను, ఎప్పుడు మాన్పింపవలెను

అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలములో ఒక ప్రక్క వరి, చెరకు పండు పల్లపు భూములు, మరియొక ప్రక్క ఏజెన్సీ కొండలు కలవు. ఈ ప్రాంతపు గ్రామములలో పెరటిలో నాలుగైదు నాటుకోళ్ళు లేని ఇల్లు అరుదు. వాటి కొరకు ప్రత్యేకించి మేత కొనువారు కొద్దిమందియే. కళ్ళములో రాలిన గింజ, దంపుడు నూక, పెంటకుప్పలోని పురుగు తిని అవి పెరుగును. సంక్రాంతికి, అనకాపల్లిలో జరుగు కొత్త అమావాస్య జాతరకు నాటుకోడికి మంచి గిరాకి యుండును. ఆ సొమ్ము చాల ఇండ్లలో స్త్రీల చేతి ఖర్చునకు ఆధారము.

ఈ కోళ్ళ వలన వచ్చు ఆదాయము ఎక్కువగునో తక్కువగునో చాలవరకు ఒక్క విషయముపై ఆధారపడి యున్నది. పెట్ట పొదుగుటకు కూర్చున్నప్పుడు ఇంటివారు ఏమి చేయుదురు అనునదే ఆ విషయము. సాధారణముగా కోడి ఎక్కడ కూర్చున్న అక్కడనే వదలివేయుదురు. కొందరు దానిని నీళ్ళలో ముంచి తరుముదురు. ఈ రెండు పద్ధతులలోను నష్టము కలదు.

కోడి ఎందుకు పొదుగును?

మన ఇంటి కోడికి మూలము ఎర్ర అడవికోడి. తూర్పు కనుమల అడవులలో అది నేటికిని కలదు. అది కొన్ని గ్రుడ్లు పెట్టి, ఆపి, వాటిపై కూర్చొని పిల్లలను చేయును. నాటుకోడికి ఆ స్వభావము పోలేదు. పన్నెండు నుండి పదిహేను గ్రుడ్లు పెట్టిన పిమ్మట గూటిలోని గ్రుడ్ల స్పర్శ పొట్టకు తగులుచుండుటచే, మెదడు క్రింది పీయూష గ్రంథి నుండి ప్రోలాక్టిన్ అను హార్మోను హెచ్చుగా వచ్చును. దాని ప్రభావము వలన అండాశయము ముడుచుకొనును, గ్రుడ్లు నిలిచిపోవును, పెట్ట గూడు వదలదు. ఇది రోగము కాదు, మొండితనమును కాదు.

పొదుగునకు వచ్చిన పెట్టను గుర్తించుట తేలిక. రాత్రివేళ దూలము మీదికి పోక గ్రుడ్ల గూటిలోనే యుండును. చేయి చాచిన ఈకలు ఉబ్బించి పొడుచును. "క్లక్ క్లక్" మని అదొక విధముగా అరచును. తురాయి ఎరుపు తగ్గును. పొట్ట మీది ఈకలు రాలి చర్మము వేడిగా తగులును.

లెక్క చూడుడు

మామూలుగా నాటుపెట్ట మూడు వారములు గ్రుడ్లు పెట్టును, మూడు వారములు పొదుగును, పది పన్నెండు వారములు పిల్లలను వెంట త్రిప్పును. అనగా ఒక విడతకు పదునేడు వారములు పట్టును. సంవత్సరమునకు మూడు విడతలు. గ్రుడ్లు సుమారు నలుబది. పిల్లలను అయిదు వారములకే వేరు చేసిన, మరల గ్రుడ్లకు వచ్చుటకు రెండు వారములు కలుపుకొన్నను విడత పదమూడు వారములలో ముగియును. సంవత్సరమునకు నాలుగు విడతలు వచ్చును. పొదుగు మాన్పించిన పెట్ట రెండు మూడు వారములలోనే తిరిగి గ్రుడ్లకు రాగలదు. కాని ఈకలు రాల్చు కాలము, మేత కొరత గల నెలలు ఈ లెక్కను కొంత తగ్గించును.

కనుక ప్రతి పెట్టను కూర్చుండబెట్టుట గాని, అన్నిటిని మాన్పించుట గాని సరికాదు. ఏ పెట్టను, ఏ కాలములో అని ఆలోచించి నిర్ణయింపవలెను.

కూర్చుండబెట్టవలసిన పెట్ట

వెనుకటి విడతలో గూడు విడువక పొదిగి, పిల్లలను గద్ద నుండి కాపాడిన పెట్టను ఎన్నుకొనవలెను. మొదటిసారి గ్రుడ్లు పెట్టు పడుచుపెట్ట తరచు నడుమనే లేచిపోవును. మిక్కిలి బరువుగల పెట్ట గ్రుడ్లను చితుకగొట్టును. పేలు పట్టిన పెట్ట గూటిలో నిలువదు. ముందుగా ఈకల మొదళ్ళు విప్పి చూడవలెను.

కాలము విషయమున కార్తీకము నుండి మాఘము వరకు మిక్కిలి అనుకూలము. అప్పుడు కళ్ళములలో గింజ దొరకును, ఎండ బాధ యుండదు. చైత్ర వైశాఖములలో పొదిగించిన గ్రుడ్లు చాలవరకు చెడును. వానకాలములో నేల తడిగా నుండి పిల్లలకు రక్తపారుడు వచ్చును. కావున వేసవిలోను, ముసురు రోజులలోను పొదుగునకు వచ్చిన పెట్టలను మాన్పించుట లాభకరము.

గ్రుడ్ల ఎంపిక, నిలువ

పది పెట్టలకు ఒక పుంజు చొప్పున ఉండవలెను. పుంజును క్రొత్తగా తెచ్చినచో పది రోజులు గడచిన పిమ్మట పెట్టిన గ్రుడ్లనే పొదుగునకు తీయవలెను. దాని తోబుట్టువులైన పెట్టలనే ఏండ్ల తరబడి అదే పుంజుతో కలుపరాదు. రెండేండ్లకొకసారి పొరుగు గ్రామము నుండి పుంజును మార్చుకొనుట మేలు.

గ్రుడ్డు పగులు లేనిదై, శుభ్రమైనదై, మరీ పెద్దది, మరీ చిన్నది కాక యుండవలెను. కడుగరాదు, కడిగినచో పెంకుపై నుండు సన్నని పొర పోయి లోపలికి క్రిములు చేరును.

గ్రుడ్డులోని పిండము సుమారు 21 డిగ్రీల సెంటిగ్రేడు వేడి దాటినచో కొద్దికొద్దిగా పెరుగ మొదలిడును. కోడి వేడి అందక ఆ పెరుగుదల సగములో ఆగి పిండము చచ్చును. వేసవిలో "గ్రుడ్లన్నియు మురిగినవి" అనుటకు ముఖ్య కారణము ఇదియే. ఒక వెడల్పు చట్టిలో తడి ఇసుక పోసి, దానిపై గోనెపట్టా పరచి, గ్రుడ్లను సన్నని కొన క్రిందికి వచ్చునట్లు అమర్చి, చీకటి మూలను ఉంచవలెను. చలికాలములో ఏడు రోజులకు, వేసవిలో నాలుగు రోజులకు మించి నిలువ యుంచరాదు.

గూడు, మేత

అడుగు వెడల్పునకు కొంచెము మించిన వెదురు గంప తీసికొని, అడుగున ఇసుక, బూడిద కలిపి పరచి, పైన మెత్తని వరిగడ్డిని గిన్నె వలె నొక్కి అమర్చవలెను. ఎండిన వేపాకు కొంత వేసిన మంచిది. గంపను చీమలు, పాములు, పిల్లులు చేరని చీకటి స్థలమున ఉంచవలెను.

మొదట రెండు రోజులు ఒకటి రెండు చెడిన గ్రుడ్లపై పెట్టను కూర్చుండబెట్టి దాని నిలుకడ చూడవలెను. తరువాత రాత్రివేళ మంచి గ్రుడ్లు పది లేక పన్నెండు దాని క్రింద పెట్టవలెను. ఎక్కువ పెట్టినచో అంచున ఉన్నవి చల్లారును. కోడి వాటిని త్రిప్పుచుండుటచే ఒక్కొక్కటియు వంతు వంతున అంచునకు చేరి, అన్నియు చెడు ప్రమాదము కలదు. గ్రుడ్లపై పెన్సిలుతో గుర్తు పెట్టవలెను. ఇతర పెట్టలు వచ్చి ఆ గూటిలోనే గ్రుడ్డు పెట్టుట కలదు. గుర్తు లేని దానిని వెంటనే తీసివేయవలెను.

పొదుగు పెట్ట రోజునకు ఒకసారి లేక రెండుసార్లు పావుగంట సేపు లేచును. ఆ సమయములో ధాన్యము, జొన్నలు లేక మొక్కజొన్న గింజలు, మంచి నీరు దగ్గరలోనే అందవలెను. మేత వెదకికొనుచు దూరము పోయినచో గ్రుడ్లు చల్లారును. ఒక మూల పొడి బూడిద పోసి యుంచిన, అందులో పొర్లి పేలు వదల్చుకొనును.

ఏడవ రోజు పరీక్ష

ఏడవ రాత్రి గ్రుడ్లను ఒక్కొక్కటిగా తీసి, అట్టముక్కలో చిన్న రంధ్రము చేసి, దాని వెనుక టార్చిలైటు వెలిగించి చూడవలెను. సాలెపురుగు కాళ్ళవలె ఎర్రని నరములు కనిపించిన పిల్ల కట్టినది. అంతయు తెల్లగా, స్వచ్ఛముగా నున్న పిల్ల కట్టలేదు. లోపల రక్తపు చక్రము వలె కనిపించిన పిండము చచ్చినది. ఈ రెండు రకములను తీసివేయవలెను.

ఈ పరీక్ష వలన మరియొక లాభము కలదు. ఉదాహరణకు మూడు పెట్టలను ఒకే రోజున పన్నెండేసి గ్రుడ్లపై కూర్చుండబెట్టితిమనుకొనుడు. ముప్పది ఆరు గ్రుడ్లలో పన్నెండు పనికిరానివని తేలినచో మిగిలిన ఇరువది నాలుగు గ్రుడ్లను రెండు పెట్టల క్రింద సర్ది, మూడవ దానికి పొదుగు మాన్పింపవచ్చును. ఒక పెట్ట రెండు వారముల కాలము మిగిలినట్లే.

సోమవారము రాత్రి పెట్టిన గ్రుడ్లు మూడు వారములు గడచిన సోమవారమునకు పిల్లలగును. చివరి మూడు రోజులు పెట్టను కదల్చరాదు. పిల్లను పెంకు నుండి చేతితో లాగరాదు. పుట్టిన పిల్ల పొట్టలో మిగిలియున్న పచ్చసొన దానికి ఒకటి రెండు రోజులు ఆహారమగును గనుక మేత ఆలస్యమైనదని తొందరపడ నవసరము లేదు.

పొదుగు మాన్పించు పద్ధతి

నీళ్ళలో ముంచుట, ముక్కులో ఈక గ్రుచ్చుట, మేత లేకుండ మూసియుంచుట వంటివి మానవలెను. వీటి వలన పెట్ట నీరసించి, గ్రుడ్లకు వచ్చుట మరింత ఆలస్యమగును.

పొదుగు కోరికకు కావలసినవి చీకటి, వెచ్చదనము, మెత్తని గూడు, పొట్టకు తగులు గ్రుడ్డు. ఈ నాలుగును లేకుండ చేయుటయే మందు. వెదురు బద్దలను వ్రేలెడు సందులు విడిచి అడుగు అల్లిన గంపను గాని, జాలి అడుగు గల పెట్టెను గాని తీసికొని, క్రింద నుండి గాలి తగులునట్లు నాలుగు ఇటుకలపై నిలుపవలెను. గడ్డి వేయరాదు. వెలుతురు, నీడ గల చోట ఉంచి, పెట్టను అందులో నుంచి, మామూలు మేత, నీరు కడుపునిండ పెట్టవలెను. మూడు నాలుగు రోజులకు విడిచి చూడవలెను. మరల గూటికి పరుగెత్తినచో ఇంకను రెండు రోజులు ఉంచవలెను.

మొదటి రోజు గుర్తించి మొదలు పెట్టినచో త్వరగా మానును. వారము, పది రోజులు కూర్చున్న దానికి ఎక్కువ కాలము పట్టును. ఏ రోజు గ్రుడ్లను ఆ రోజే గూటి నుండి తీయుచున్నచో పెట్ట పొదుగునకు వచ్చుటయే కొంత తగ్గును.

పిల్లల రక్షణ

కష్టపడి చేసిన పిల్లలలో ఎక్కువ భాగము మొదటి మూడు వారములలోనే గద్ద, ముంగిస, పిల్లి పాలగును. ఆ మూడు వారములు తల్లిని, పిల్లలను పగలు వల కప్పిన చిన్న దడిలోను, రాత్రి గట్టి గంప క్రిందను ఉంచవలెను. నీటి పళ్ళెములో చిన్న గులకరాళ్ళు వేసినచో పిల్లలు మునిగి చావవు. సన్నని నూకలు, చోళ్ళు, చెదపురుగులు పెట్టవలెను. పిల్లలు మాత్రమే దూరగల సందులున్న బుట్టను బోర్లించి మేతను దాని క్రింద నుంచినచో తల్లి తినివేయదు. ఈ విధముగా మేత అందిన పిల్లలను ఎండ చలి తీవ్రముగా లేని రోజులలో అయిదవ వారమున తల్లి నుండి వేరు చేయవచ్చును.

కొక్కెర తెగులునకు చికిత్స లేదు, టీకాయే శరణ్యము. 5-7 రోజుల వయస్సులో ఎఫ్ లేక లసోటా టీకా ఒక చుక్క కంటిలో గాని ముక్కులో గాని వేయించి, ఎనిమిదవ వారమున ఆర్-2-బి సూది వేయింపవలెను. టీకా సీసాలు నూరు కోళ్ళకు, లేక అంతకు మించి, సరిపడునట్లు వచ్చును; కలిపిన మందును రెండు గంటలలో వాడవలెను. పది పిల్లలున్న ఇంటికి ఒక సీసా దండుగ అనిపించును. వీధిలోని అయిదారు ఇండ్లవారు మాట్లాడుకొని ఒకే వారములో పెట్టలను కూర్చుండబెట్టినచో పిల్లలన్నియు ఒకే వయస్సులో నుండి ఒక్క సీసా అందరికి సరిపోవును.

మేలుజాతి కోళ్ళు, నాటుపెట్ట

హైదరాబాదులోని కోళ్ళ పరిశోధనా సంస్థవారు రూపొందించిన వనరాజ, గ్రామప్రియ వంటి పెరటి రకములు నాటుకోడి కంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టును. కాని వాటికి పొదుగు స్వభావము లేదనవచ్చును. వాటి పిల్లలను ప్రతిసారి కొని తెచ్చుకొనవలెను. పెరటిలో వాటి గ్రుడ్లనే పొదిగించి తరము పెంచినచో ఆ మేలు గుణము నిలువదు.

ఇట్టి పిల్లలను పెంచుటకును నాటుపెట్టయే సాయపడగలదు. రెండు వారములకు పైగా కూర్చున్న పెట్ట క్రింద, రాత్రివేళ, గ్రుడ్లు తీసివేసి, ఒకటి రెండు రోజుల పిల్లలను పది పన్నెండింటిని చేర్చినచో తెల్లవారుసరికి తనవిగా భావించును. ఉదయము కొంతసేపు కనిపెట్టి యుండి, పొడుచుచున్నచో తీసివేయవలెను. దీని వలన విద్యుద్దీపపు వెచ్చదనము అవసరముండదు.

అందుచే ఎక్కువ గ్రుడ్ల ఆశతో ఊరిలోని నాటుకోళ్ళన్నిటిని అమ్మివేయుట తగదు. పొదుగు పెట్ట లేని ఊరు పిల్లల కొరకు ఎల్లప్పుడు పొరుగు ఊరిపై, బండి మీద తెచ్చు అమ్మకందారుపై ఆధారపడవలసి వచ్చును. పంటలో మేలైన కంకిని విత్తనమునకు ఎత్తి పెట్టుకొన్నట్లే, బాగుగా పొదిగి పెంచు పెట్టలను ఇంటికి రెండు చొప్పున నిలుపుకొని, వాటి పిల్లలలో నుండియే రేపటి పెట్టలను ఎన్నుకొనవలెను.

ఇందుకు గోడపై బొగ్గుతో వ్రాసిన లెక్క చాలును: పెట్ట గుర్తు, కూర్చున్న తేది, పెట్టిన గ్రుడ్లు, ఏడవ రోజున తీసినవి, పుట్టిన పిల్లలు, అయిదవ వారమునకు మిగిలిన పిల్లలు. ఈ ఆరు అంకెలు రెండు విడతలకు వ్రాసి చూచినచో, ఏ పెట్టను కూర్చుండబెట్టవలెనో, దేనికి మాన్పింపవలెనో, దేనిని సంతకు పంపవలెనో ఇంటివారికే తెలియును.