పల్లెయింటికి శాటిలైట్ ఇంటర్నెట్టు: ఎన్నిక చేయు విధము

చేనేత గృహమునకు నూలు, రంగు, జరీ ఎట్లు అవసరమో, ఇంటర్నెట్టును నేడు అట్లే అవసరమైనది. వర్తకుడు కొంగు ఫోటో పంపుమనును. జాకార్డు డిజైను ఫైలుగా వచ్చును. చీర వెల ఫోను ద్వారా బ్యాంకు ఖాతాలో పడును. షోలాపురము, సేలము, బరంపురము వంటి పట్టణములలో నున్న మనవారికి ఇది పెద్ద చిక్కు కాదు. కాని గంజాము, గజపతి, కోరాపుట్టు జిల్లాల కొండప్రాంతములలో ఫోను పట్టుకొని డాబా యెక్కవలసినవారు ఇంకను కలరు. అట్టివారికి ఆకాశమునుండి నేరుగా వచ్చు ఇంటర్నెట్టు ఆశ గొల్పుట సహజము.

అయితే ఒక్క మాట. ఫోటో వేళకు పంపలేని నేతగాడు తన బేరమును మధ్యవర్తి చేతిలో పెట్టును. డిష్ కొనుటకు ఆ మధ్యవర్తి వద్దనే అప్పు చేసినచో మరల అదే చేతిలో పడును. కనుక కొనుటకు ముందు లెక్క చూచుకొనవలెను. ఆ లెక్కయే ఈ పాఠము.

1. ముందు నేల, తరువాత ఆకాశము

శాటిలైట్ లైను చివరి ఉపాయమే గాని మొదటిది కాదు. మొదట ఫైబరు తీగ ఊరికి వచ్చినదా యని విచారించుడు. గ్రామ పంచాయతీలకు ఫైబరు చేర్చు పథకము 2011లో ఆమోదింపబడి, తరువాత భారత్‌నెట్ అను పేరు పొందినది. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము దాని సవరించిన పథకమును ఆమోదించినది. మీ పంచాయతీ కార్యాలయమున తీగ ఉన్నదా, అది పనిచేయుచున్నదా, ఇండ్లకు ఇత్తురా అని మూడు ప్రశ్నలు వేయుడు.

తీగ లేనిచో టవరు సంగతి చూడుడు. ఇంటిలోపల సంకేతము లేకున్నను డాబాపై ఉండవచ్చును. డాబాపై చక్కగా అందుచున్నచో, అచ్చట బయటి యాంటెనా నిలిపి లోనికి తీగ తెచ్చుకొనుట శాటిలైట్ కంటె మిక్కిలి చౌక. ఈ రెండును కుదరనప్పుడే ఆకాశము వైపు చూడవలెను.

2. శాటిలైట్లు రెండు తరగతులు

మొదటి తరగతి శాటిలైట్లు భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరుగును. భూమితో సమానముగా తిరుగుటచే అవి ఒకే చోట నిలిచినట్లు కనిపించును. కనుక డిష్ ఒకమారు గురిపెట్టి బిగించిన చాలును. మన ఇస్రో వారి జీశాట్-29, జీశాట్-11 ఈ తరగతివే. రెండును 2018లో ప్రయోగింపబడినవి. ఇస్రో శాటిలైట్లను ఆధారము చేసికొని హ్యూస్ సంస్థ 2022 సెప్టెంబరులో హెచ్చు సామర్థ్యముగల సేవను ప్రారంభించినది.

రెండవ తరగతివి తక్కువ ఎత్తున తిరుగును. స్టార్‌లింకువి సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున, వన్‌వెబ్‌వి సుమారు 1,200 కిలోమీటర్ల ఎత్తున ఉన్నవి. 550 కిలోమీటర్ల ఎత్తున నున్నది గంటన్నర పైచిలుకులో భూమిని చుట్టివచ్చును. కనుక ఒకటి రెండు చాలవు, గుంపులుగా కావలెను. ఒకటి దాటిపోగానే డిష్ తనంతట తానే మరియొకదానిని పట్టుకొనును.

ఈ భేదము మగ్గము మీద సులభముగా తెలియును. వేగము అనునది బట్ట పన్నా వంటిది. పన్నా పెద్దదైనకొలది ఒక్కమారుగా ఎక్కువ పని జరుగును. ఆలస్యము అనునది నాడె ఈ చివరనుండి ఆ చివరకు పోయి తిరిగివచ్చు కాలము. ఎత్తైన శాటిలైట్ విషయమున మన ప్రశ్న పైకి పోయి క్రిందికి రావలెను. జవాబును అట్లే రావలెను. మొత్తము నాలుగు ప్రయాణములు, సుమారు 1,43,000 కిలోమీటర్లు. సెకండుకు 3 లక్షల కిలోమీటర్లు పోవు సంకేతమునకును అర సెకండు పట్టును. ప్రకటనలో ఎంత వేగము వ్రాసినను ఈ అర సెకండు తగ్గదు. తక్కువ ఎత్తు శాటిలైట్లలో ఈ ఆలస్యము సెకండులో చిన్న భాగమే.

ఫోటోలు పంపుటకు, డబ్బు పుచ్చుకొనుటకు అర సెకండు అడ్డు కాదు. వీడియోలో చీర విప్పి చూపుచు బేరమాడునప్పుడు మాత్రము ఒకరి మాటపై ఒకరి మాట పడును. ఆ పని తరచుగా ఉన్నవారికి తక్కువ ఎత్తు శాటిలైటే మేలు.

3. మీ పనిని లెక్క కట్టుడు

ప్రకటనలలో పెద్ద అక్షరములతో వేయునది దిగుమతి వేగము. సినిమా చూచువారికి అది ముఖ్యము. నేతగాడు ఎక్కువగా పంపువాడు గనుక అతనికి ఎగుమతి వేగము ముఖ్యము.

ఒక ఉదాహరణ: పది చీరలకు నాలుగేసి ఫోటోల చొప్పున 40 ఫోటోలు, ఒక్కొక్కటి 4 మెగాబైట్లు. మొత్తము 160 మెగాబైట్లు. వేగమును మెగాబిట్లలో చెప్పుదురు. బైటుకు 8 బిట్లు గనుక 1,280 మెగాబిట్లు అగును. ఎగుమతి వేగము 2 మెగాబిట్లైనచో 640 సెకండ్లు, అనగా 11 నిమిషములలోపు ముగియును. 10 మెగాబిట్లైనచో రెండు నిమిషముల పైచిలుకు. దినమునకొకమారు ఫోటోలు పంపు ఇంటికి ఆ తొమ్మిది నిమిషముల కొరకు హెచ్చు వెల చెల్లించుట తగునా? ఈ ప్రశ్నకు జవాబు మీ ఇంటిలోనే ఉన్నది, అమ్మువాని వద్ద లేదు.

నెలసరి పరిమితి కూడ అడుగుడు. కొన్ని పథకములలో నిర్ణీత వాడుక దాటగానే లైను ఆగదు గాని వేగము మిక్కిలి తగ్గును.

4. చెట్టు, వాన, విద్యుత్తు

ఎత్తైన శాటిలైట్ల డిష్ మన ప్రాంతములో మొత్తముమీద దక్షిణము వైపు వాలి పైకి చూచును. ఆ దిశలో కొబ్బరిచెట్టు గాని మేడ గాని అడ్డు ఉండరాదు. ఉత్తరమున చెట్టున్నను బాధ లేదు. తక్కువ ఎత్తు శాటిలైట్లకు ఒక్క దిశ చాలదు, విశాలమైన ఆకాశము కావలెను. గాలికి కదలు కొమ్మ ఒక్కటి అడ్డువచ్చినను లైను తెగుచు కలియుచుండును. ఫోను కెమెరాతో ఆకాశమును చూపి అడ్డంకులు తెలిసికొను సాధనము స్టార్‌లింకు యాప్‌లో ఉన్నది.

కుంభవృష్టిలో సంకేతము బలహీనపడును. ఇది రెండు తరగతులకును ఉన్న లోపమే. కనుక వానాకాలములో గడువున్న పనిని ఆఖరి గంటకు పెట్టుకొనరాదు. తీరప్రాంతమువారు గాలివాన సంగతి మరువరాదు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫానులు గంజాము, గజపతి ప్రాంతములను ఎట్లు బాధించినవో మనవారికి తెలియును. తుఫాను హెచ్చరిక రాగానే డిష్ విప్పి లోపల పెట్టుట మంచిది. టవర్లు, తీగలు కూలిన తరువాత తిరిగి బిగించి వాడుకొనగలుగుట శాటిలైట్‌కు గల ప్రత్యేక గుణము. డిష్ నిలిపిన ఇనుప స్తంభమునకు ఎర్తింగు తప్పక చేయించుడు.

విద్యుత్తు ఖర్చు చాలమంది లెక్కలో చేర్చరు. తక్కువ ఎత్తు శాటిలైట్ల డిష్ సుమారు 75 వాట్లు వాడుననుకొనుడు. రాత్రింబవళ్లు నడిచినచో దినమునకు 1.8 యూనిట్లు, నెలకు 54 యూనిట్లు. పనివేళలలో 8 గంటలు మాత్రమే వాడినచో నెలకు 18 యూనిట్లు. మీట నొక్కుటలోనే 36 యూనిట్ల తేడా ఉన్నది. కరెంటు పోవు ఊళ్లలో ఇన్వర్టరు కూడ ఉండవలెను. లేనిచో ఆకాశమంతయు తెరచియున్నను లైను ఉండదు.

5. వెల, అనుమతి, మోసము

స్టార్‌లింకునకు భారత ప్రభుత్వ టెలికాం లైసెన్సు 2025 జూన్‌లోను, అంతరిక్ష అనుమతుల సంస్థయైన ఇన్-స్పేస్ అనుమతి 2025 జూలైలోను లభించెను. 2025 డిసెంబరులో ఆ సంస్థ వెబ్‌సైటులో భారతదేశపు ధరలు కనిపింపగా అంతట ప్రచారమయ్యెను. అవి పరీక్షకై ఉంచిన అంకెలు మాత్రమేననియు, నిజమైన ధరలు కావనియు సంస్థవారే తెలిపిరి. దీని నుండి నేర్చుకొనవలసినది ఏమనగా, విన్న ధరను నమ్మి ఏ ఏజెంటునకును బయానా ఇయ్యరాదు. మీ పిన్‌కోడునకు సేవ ఉన్నదని సంస్థ వెబ్‌సైటులో మీరే చూచిన తరువాతనే, రసీదు పుచ్చుకొని, డబ్బు కట్టుడు.

వెలను మూడేండ్లకు లెక్క కట్టవలెను. లెక్క తెలియుటకు మాత్రమే ఊహించిన అంకెలివి: పరికరము రూ. 30,000, నెలకు రూ. 3,000 అనుకొందము. 36 నెలలకు రూ. 1,08,000, పరికరముతో కలిపి రూ. 1,38,000, అనగా నెలకు రూ. 3,833. ధరలో పన్ను చేరినదో లేదో అడిగి, చేరనిచో దానిని, పిదప కరెంటు ఖర్చును కలుపుడు. ఇది ఒక ఇంటి నేతకు మోయరాని బరువు. పది మగ్గముల సంఘమైనచో మగ్గమునకు రూ. 383. అయితే ఇంటి పథకమును తీసికొని పదిమందికి పంచుటకు షరతులు ఒప్పకపోవచ్చును. కనుక సంఘము పేరనే దరఖాస్తు చేసి, సంఘ కార్యాలయమున లైను పెట్టించుకొనుట మర్యాదయైన మార్గము.

అభ్యాసము

ఈ క్రింది వానికి జవాబులు కాగితముపై వ్రాసి, సంఘ సమావేశమునకు తెండు.

(1) మీ ఊరికి ఫైబరు ఉన్నదా? డాబాపై టవరు సంకేతము ఎంత ఉన్నది?
(2) మీరు వారమునకు ఎన్ని ఫోటోలు పంపుదురు? వీడియో బేరములు ఎన్ని?
(3) మీ డాబా నుండి దక్షిణమున ఏమి అడ్డున్నది? నలువైపుల ఏమి అడ్డున్నది?
(4) దినమునకు ఎన్ని గంటలు కరెంటు పోవును?
(5) ఇంటర్నెట్టు లేక గత ఆరు నెలలలో పోయిన బేరములు ఎన్ని? వాటి లాభమెంత?

అయిదవ జవాబును ఆరుతో భాగించి, నెలసరి ఖర్చుతో పోల్చి చూడుడు. పోయిన లాభము ఖర్చుకంటె ఎక్కువైనచో లైను తీసికొనుడు. తక్కువైనచో ఆ డబ్బును నూలునకు ఉంచుకొని, సంఘములోని పదిమందిని కలుపుకొనుడు.