పస్తు వేరు, దీక్ష వేరు



1947లో కలకత్తాలో హిందువులు, ముస్లింలు కొట్టుకున్నారు. అది ఆగాలని గాంధీగారు సెప్టెంబరు 1న అన్నం మానేశారు. అప్పుడు ఆయనకు 77 ఏళ్ళు. విద్యార్థులు శాంతి ఊరేగింపులు తీశారు. కొందరు ఆయుధాలు తెచ్చి ఆయన ముందు పెట్టేశారు. మళ్ళీ గొడవలు జరగనివ్వమని పెద్దలు కాగితం రాసిచ్చారు. అప్పుడు 4వ తేదీన, 73 గంటల తర్వాత, ఆయన దీక్ష విరమించారు.

వానాకాలంలో గింజలు అయిపోతే మా ఇంట్లో పస్తు ఉండేవాళ్ళం. అది మేం కోరుకున్నది కాదు. దీక్ష అంటే కావాలని చేసేది. ఎదుటివాళ్ళని కొట్టకుండా, తిట్టకుండా వాళ్ళ మనసుని అడగడం. కోపంతో కంచం నెట్టేస్తే అది దీక్ష కాదు, అలక.

గాంధీగారు పత్రికలు కూడా నడిపారు. 'హరిజన్' 1933లో మొదలైంది. తన దీక్షల గురించి అందులో రాసేవారు. ఎందుకో చెప్పకపోతే జనానికి ఎట్లా తెలుస్తుంది?

పోయిన వారం కుళాయి దగ్గర బకెట్ల కోసం కొట్టుకున్నాం కదా. ఆ నలుగురం శనివారం సాయంత్రం గుగ్గిళ్ళు మానేశాం. ఎందుకో అందరికీ తెలియాలని ఈ గోడపత్రికలో రాస్తున్నాను. చెల్లీ, ముందు చెయ్యెత్తింది నేనే. తప్పు నాదే.

– 9వ తరగతి