సందేహాలు - సమాధానాలు: పాత గిటారు యాంప్లిఫయర్‌కి కంట్రోళ్లు

చర్చిల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఒకప్పుడు మోగిన గిటారు యాంప్లిఫయర్లు మళ్లీ అటకలు దిగుతున్నట్టున్నాయి. ఈసారి ఉత్తరాలన్నీ వాటి వాల్యూమ్, టోన్ కంట్రోళ్ల గురించే. మొదలుపెట్టే ముందు ఒక మాట. వాల్వు యాంప్లిఫయర్ ప్లగ్ తీసేశాక కూడా లోపలి పెద్ద కండెన్సర్లలో 300 వోల్టులు, అంతకు పైన కూడా నిలిచి ఉండొచ్చు. వాటిని డిశ్చార్జ్ చేయడం తెలిసిన మెకానిక్ చేతే పెట్టె విప్పించండి.

ప్రశ్న: మా నాన్నగారి ఆర్కెస్ట్రా నాటి వాల్వు యాంప్లిఫయర్ ఉంది. వాల్యూమ్ తిప్పితే చాలు, ఒకటే గరగర. కంట్రోల్ పోయిందనీ, అలాంటిది ఇప్పుడు దొరకదనీ అంటున్నారు. నిజమేనా?
*(ఒక పాఠకుడు, రాజోలు)*

జవాబు: పోయిందని అప్పుడే తీర్మానించకండి. కంట్రోల్ లోపల గుర్రపు నాడా ఆకారంలో కార్బన్ పట్టీ ఉంటుంది. దాని మీద ఒక లోహపు నాలుక జారుతుంది. మీ ప్రాంతపు ఉప్పుగాలికి, తేమకి అటక మీది దుమ్ము తోడైతే ఆ రెండింటి మధ్య మురికి పేరుకుంటుంది. గరగరకు మొదట అనుమానించాల్సింది దాన్నే. కాళ్లు బయటికొచ్చే సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టించి, ఈ చివర నుంచి ఆ చివరకు పాతిక ముప్పైసార్లు తిప్పండి. కిరసనాయిలు, కుట్టుమిషను నూనె మాత్రం పోయకండి. ఆ జిడ్డుకు మళ్లీ దుమ్ము అంటుకుంటుంది.

శుభ్రం చేశాక కూడా గరగర తగ్గకపోతే నేరం కంట్రోల్‌ది కాకపోవచ్చు. దాని ముందున్న కప్లింగ్ కండెన్సర్ పని పాటను పంపి, వాల్వు డీసీని ఆపడం. పాత కాగితపు కండెన్సర్లు తేమ పీల్చుకుని ఆ డీసీని లీకు చేస్తాయి. అది కార్బన్ పట్టీ మీద పడితే ఎంత కొత్త కంట్రోల్ వేసినా గరగర పోదు. సెట్టు నడుస్తుండగా కంట్రోల్ మధ్య కాలికీ ఛాసిస్‌కీ మధ్య డీసీ కొలవమని మెకానిక్‌ని అడగండి. అక్కడ సున్నా ఉండాలి. వోల్టులు కనబడితే అదే విలువ ఉన్న పాలిస్టర్ కండెన్సర్, 400 లేదా 630 వోల్టులది, వేయించండి. సాధారణంగా కంట్రోల్ కన్నా అది సులువుగా దొరుకుతుంది.

ప్రశ్న: టోన్ కంట్రోల్ తిప్పితే మధ్యలో ఒకచోట శబ్దం తెగిపోతోంది. దుకాణంలో ‘ఎన్ని కె?’ అని అడిగారు. వెనక ముద్ర చెరిగిపోయింది. చివరి కాళ్ల మధ్య మీటరు ఏమీ చూపించడం లేదు. విలువ తెలుసుకునేదెలా?
*(ఒక పాఠకురాలు, తణుకు)*

జవాబు: కార్బన్ పట్టీ ఒకచోట చిట్లింది. మీటరు పలకకపోవడం అందుకే. అయినా విలువ రాబట్టొచ్చు. కంట్రోల్‌ని సర్క్యూట్ నుంచి విప్పి, తెగే చోటుకు కాస్త ఇవతల ఆపండి. మధ్య కాలికీ ఇటు చివరి కాలికీ మధ్య ఎంతుందో రాసుకోండి. తెగే చోటు దాటించి, మధ్య కాలికీ అటు చివరి కాలికీ మధ్య కొలవండి. రెండూ కూడితే దాదాపు అసలు విలువ వస్తుంది. వీటిలో 20 శాతం అటూఇటూ ఉండటం మామూలే కాబట్టి 870 కె వస్తే అది 1 మెగ్ (1000 కె) కంట్రోలే అనుకోవచ్చు. వాల్వు సెట్లలో ఎక్కువగా 250 కె, 500 కె, 1 మెగ్ ఉంటాయి. ట్రాన్సిస్టర్ సెట్లలో 10 కె నుంచి 100 కె దాకా మామూలు.

విలువ ఒక్కటే సరిపోదు. అది లాగ్ రకమా, లీనియర్ రకమా అన్నదీ తేలాలి. నాబ్ సరిగ్గా సగం తిప్పినప్పుడు మొదటి కాలికీ మధ్య కాలికీ మధ్య సగం విలువ కనబడితే లీనియర్. పదో వంతు, మహా అయితే ఐదో వంతు కనబడితే లాగ్. మన చెవి శబ్దాన్ని వినే తీరుకు లాగ్ సరిపోతుంది కాబట్టి వాల్యూమ్‌కి అదే వాడతారు. దాని చోట లీనియర్ వేస్తే రెండో అంకె దగ్గరికే హోరెత్తిపోతుంది, ఆ పైన ఎంత తిప్పినా పెద్ద తేడా ఉండదు.

కొత్తది కొనేటప్పుడు ముద్ర చూడండి. ఇప్పటి జపాన్, తైవాన్, చైనా సరుకు మీద ‘ఏ’ అంటే లాగ్, ‘బి’ అంటే లీనియర్. పాత యూరప్ సరుకు మీద ఇది తారుమారుగా ఉండొచ్చు, కాబట్టి అక్షరాన్ని నమ్మక మీటరుతో చూసుకోండి. ‘104’ అని ఉంటే 10 పక్కన నాలుగు సున్నాలు, అంటే 100 కె. ‘105’ అంటే 1 మెగ్.

ప్రశ్న: మా మేనమామ అమెరికా నుంచి తెచ్చిన పాత ఫెండర్ డీలక్స్ రివర్బ్ మా ఇంట్లో ఉంది. వైబ్రాటో అసలు పలకదు. ఆ కంట్రోళ్లు ఎక్కడ దొరుకుతాయి?
*(ఒక పాఠకుడు, కాకినాడ)*

జవాబు: కొనేముందు ఒకటి అడుగుతాను. దాని కాలి స్విచ్చి మీ దగ్గర ఉందా? 1963లో మొదలైన ఆ తరం డీలక్స్ రివర్బ్‌లో కాలి స్విచ్చి కలిపితేనే వైబ్రాటో పలుకుతుంది. అది ఎక్కడో పోయి ఉంటే ఒక ఆర్‌సీఏ ప్లగ్ కొని, లోపలి రెండు కొసలూ కలిపి సోల్డర్ చేసి, వెనక వైబ్రాటో అని ఉన్న సాకెట్‌లో గుచ్చండి. పక్కనున్న రివర్బ్ సాకెట్‌లో పెడితే రివర్బ్ ఆగిపోతుంది, జాగ్రత్త.

అప్పటికీ పలకకపోతే లోపలి నియాన్ దీపం, దాని వెలుగును పట్టే ఎల్‌డీఆర్ కలిపి ఉన్న చిన్న గొట్టాన్ని చూపించండి. కంట్రోళ్ల వంతు ఆ తరవాతే. స్పీడ్‌కి 3 మెగ్, ఇంటెన్సిటీకి 50 కె ఉంటాయి. రెండూ రివర్స్ లాగ్, అంటే లాగ్‌కి తలకిందులు. ఈ రకం మామూలు దుకాణాల్లో అరుదు. విడిభాగాలు అమ్మే విదేశీ సంస్థల నుంచి తెప్పించుకోవాలి. ఇంటెన్సిటీకి మాత్రం మామూలు 50 కె లాగ్ కంట్రోల్‌నే చివరి కాళ్లు అటుదిటు మార్చి వేసుకోవచ్చు. నాబ్ ఎడమకు తిప్పితే పెరుగుతుందంతే.

పాత కంట్రోల్ వెనక 137తో మొదలయ్యే అంకె ఉంటే రాసిపెట్టుకోండి. 137 అంటే సీటీఎస్ కంపెనీ. 1376633 అని ఉంటే 1966లో 33వ వారం సరుకు. మీ సెట్టు వయసు అంచనాకు పనికొస్తుంది. మరిచిపోకూడనిది ఇంకొకటి: వెనక పలక మీద 117 లేదా 120 వోల్టులని ఉంటే, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230 వోల్టుల ప్లగ్‌లో పెట్టకండి.

ప్రశ్న: మాది వాల్యూమ్‌తో పాటే ఆన్-ఆఫ్ అయ్యే సెట్టు. స్విచ్చి పాడైంది. ట్రాన్సిస్టర్ రేడియోలోది వేయొచ్చా?
*(ఒక పాఠకుడు, భీమవరం)*

జవాబు: వద్దు. బ్యాటరీ రేడియో స్విచ్చి కొద్ది వోల్టులకు చేసింది. మీ సెట్టులో ఆ స్విచ్చి గుండా 230 వోల్టుల కరెంటు పారుతుంది. 250 వోల్టులకు తగినదని రాసి ఉన్న స్విచ్చి కంట్రోలే కావాలి. దొరక్కపోతే మామూలు వాల్యూమ్ కంట్రోల్ వేసి, వెనక పలక మీద విడిగా మెయిన్స్ స్విచ్చి పెట్టించండి. ఆ చేత్తోనే రెండు పిన్నుల తీగ తీసేయించి, మూడు పిన్నుల తీగతో ఛాసిస్‌కి ఎర్త్ ఇప్పించండి. ఛాసిస్‌కి కరెంటు పాకితే అది గిటారు తీగల దాకా వస్తుంది. ఆ గిటారు పట్టుకునే పాటగాడు మైకుకు పెదవులు ఆనిస్తాడు.

ప్రశ్న: ఇవన్నీ కొనడానికి ఏ ఊరు వెళ్లాలి?
*(ఒక పాఠకుడు, రాజమండ్రి)*

జవాబు: ముందు మీ పేటలోని పాత మైకుసెట్ల దుకాణం అటక చూడండి. రామాలయాల్లో, జాతరల్లో మోగి మూలపడ్డ అహూజా లాంటి వాల్వు యాంప్లిఫయర్లలోనూ 500 కె, 1 మెగ్ లాగ్ కంట్రోళ్లు ఉండే అవకాశం ఎక్కువ. చచ్చిపోయిన సెట్టులోంచి తీసిన కంట్రోల్ మీటరు మీద సాఫీగా తిరిగితే, దాన్ని మించినది కొత్తగా దొరకకపోవచ్చు. అక్కడ లేకపోతే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ, చెన్నైలో మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్. పాతదాన్ని పారేయకుండా జేబులో వేసుకెళ్లండి. దుకాణదారుకి వంద మాటలు చెప్పడం కన్నా అది చేతిలో పెట్టడం మేలు.

ప్రశ్న: కొత్త కంట్రోల్ వచ్చింది గానీ పాత నాబ్ పట్టడం లేదు. నాబ్ మార్చడం ఇష్టం లేదు.
*(ఒక పాఠకుడు, పాలకొల్లు)*

జవాబు: పాత అమెరికన్, బ్రిటిష్ నాబ్‌లలో చాలావాటి రంధ్రం పావు అంగుళం, అంటే 6.35 మి.మీ. ఇప్పుడు దొరికే షాఫ్టులు ఎక్కువగా 6 మి.మీ. మరమేకు ఉన్న నాబ్ అయితే షాఫ్టుకు పల్చటి ఇత్తడి రేకు ఒక చుట్టు చుట్టి బిగించండి. షాఫ్టు పొడవైతే షాఫ్టునే వైస్‌లో పట్టించి కోయండి, కంట్రోల్ ఒంటిని పట్టించకండి. రాపిడి పొడి లోపల పడకుండా గుడ్డ చుట్టండి. ఇక ప్యానెల్ రంధ్రం. పెద్ద కంట్రోల్ మెడ అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు, చిన్నవాటిది 7 మి.మీ. చిన్నది వేయాల్సొస్తే రెండు వైపులా వాషర్లు వేసి బిగించండి. పాత ప్యానెల్‌కి కొత్త చిల్లులు మాత్రం పెట్టకండి.