గూళ్ల కాపుదల: గ్రామ పంచాయతీ కర్తవ్యము

ఇంటి చూరున గూటిపెట్టెలు కట్టి పావురములను పెంచువారికి ఒక సంగతి అనుభవము వలన తెలియును. గ్రుడ్లు పొదుగుచున్న జంటను మాటిమాటికి కదలించిన యెడల గ్రుడ్లు చల్లబడి చెడిపోవును. పావురము సాధారణముగా 2 గ్రుడ్లు పెట్టును. ఆడది, మగది వంతులవారీగా పొదుగును. సుమారు 18 దినములకు పిల్లలు వెలువడును. తొలినాళ్లలో వాటికి గింజలు పనికిరావు. తల్లియు తండ్రియు తమ గొంతుసంచిలో ఊరు పాలవంటి పదార్థమునే నోటినుండి నోటికి అందించి వాటిని బ్రతికించును. ఈ పోషణ ఎంత నేర్పరియైన పెంపకందారుకును సాధ్యమగునది కాదు. అతడు చేయగలిగినవి నాలుగే పనులు: పిల్లియు పామును గూటికి ఎక్కకుండ చూచుట, పిల్ల జారిపడకుండ గూటికి అంచు కట్టుట, గూడు కదలకుండ నిలుపుట, తక్కిన వేళలయందు దూరముగా నుండుట.

ఇవే నాలుగు పనులను ఊరంతయు కలిసి చేయవలసిన తావులు శ్రీకాకుళము జిల్లాలో రెండు కలవు. ఒకటి టెక్కలి మండలములోని తేలినీలాపురము. రెండవది ఇచ్ఛాపురము మండలములోని తేలుకుంచి. మందస, పలాస ప్రాంతములు ఈ రెంటికిని నడుమ నున్నవి. గూడు ఒక ఊరిలో నున్నను, పక్షులు మేతకై దూరపు చెరువులకును, తంపరలకును, బీలలకును పోవును. కావున ఈ పాఠము ఆ రెండు గ్రామముల సభ్యులకు మాత్రమే కాదు, ఉద్దానపు తీరమునందలి పంచాయతీలన్నిటికిని వర్తించును.

ఈ పక్షులు ఎవ్వి?

తేలినీలాపురమునకు గూడబాతులును, ఎర్రకాళ్ల కొంగలును వచ్చును. ఇవి సెప్టెంబరు, అక్టోబరు మాసములలో చేరి, చింత మొదలగు చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలు ఎగుర నేర్చిన పిమ్మట మార్చి, ఏప్రిల్ ప్రాంతమున మరలిపోవును. తేలుకుంచికి తొలకరి వేళ నత్తగుల్ల కొంగలు వచ్చి, ఇండ్ల పెరళ్లలోని చెట్లపైననే పిల్లలను చేయును. వీటి ముఖ్యాహారము నత్తలు. పంట పొలములలోని నత్తలను ఏరి తినుట వలన ఇవి రైతునకు మేలు చేయునవి.

ఇవి సైబీరియా నుండి వచ్చునని మన ప్రాంతమున వాడుక. అది సరికాదు. ఈ మూడును దక్షిణాసియా పక్షులే. నీరు, మేత, నెమ్మది గల చోటు వెదకుచు ఈ దేశములోనే తావులు మారును. ఈ భేదము సభ్యులు గుర్తించుట అవసరము. ఎక్కడో మంచు దేశమున పుట్టి పెరిగి ఇచ్చటికి అతిథిగా వచ్చునదైన యెడల దాని వంశము మన చేతిలో నుండదు. కాని ఈ పక్షులు పిల్లలను చేయునది మన చెట్లపైననే. ఇచ్చట పిల్ల నిలువనిచో ఆ సంవత్సరపు సంతానమే నష్టమగును.

గూటిలో గడచు కాలము

గూడబాతు సాధారణముగా 3 లేక 4 గ్రుడ్లు పెట్టును. సుమారు ఒక నెల పొదిగిన పిదప పిల్లలు వెలువడును. అవి 3 మొదలు 5 నెలల వరకు గూటినిగాని, దాని పరిసరములనుగాని విడువవు. తల్లిదండ్రుల గొంతుసంచిలో తల దూర్చి చేపలను తీసికొని తినును. ఎర్రకాళ్ల కొంగ కూడ సుమారు నెల దినములు పొదుగును. దాని పిల్లలు రెండు నెలలకు ఎగుర నేర్చును. నత్తగుల్ల కొంగ పొదుగు కాలము 25 దినములు. పిల్ల 5 వారములకు గూడు విడుచును. పావురపు పిల్ల సుమారు నాలుగు వారములలో రెక్కలు కట్టుకొనగా, గూడబాతు పిల్లకు అంతకు మూడు నాలుగింతల కాలము కావలెను. మన ఓర్పు కూడ అంతకాలము నిలువవలెను.

నాలుగు అపాయములు

మొదటిది బెదరుట. పుట్టిన పిల్ల ఒంటిపై ఈకలు లేవు. ఎండవేళ తల్లి రెక్క నీడయే దానికి పందిరి. బాణాసంచా ప్రేలుడు వలననో, చెట్టు క్రింది కేకల వలననో తల్లి లేచిపోయిన యెడల పిల్ల ఎండకు వాడును. ఆ సందున కాకులు గ్రుడ్లను తన్నుకొని పోవును. రాయి విసరినవాడు పక్షిని కొట్టకపోయినను, గూటికి హాని చేసినవాడే యగును.

రెండవది జారిపడుట. గూళ్లు ఒకదాని చెంత ఒకటిగా కట్టబడును. పిల్లలు పెనుగులాడునప్పుడును, పెనుగాలి వీచినప్పుడును క్రింద పడును. నేలపై పడిన పిల్లకు తల్లిదండ్రులు సాధారణముగా మేత పెట్టవు. కుక్కలు దానిని బ్రతుకనీయవు.

మూడవది చెట్టు పోవుట. 2018 అక్టోబరు నెలలో తిత్లీ తుఫాను పలాస చెంత తీరము దాటి ఉద్దానములోని కొబ్బరి, జీడి తోటలను నేలమట్టము చేసినది. తేలుకుంచిలో కొంగల చెట్లును దెబ్బతిన్నవి. గాలి కూల్చిన చెట్టుకు మనము బాధ్యులము కాము. దాని స్థానమున మొక్క నాటకపోయిన యెడల బాధ్యులమే.

నాల్గవది మేతలోని దోషము. 2021-22 శీతకాలమున తేలినీలాపురములో వందకు పైబడిన గూడబాతులు మరణించినవి. శవపరీక్షలో వాటి కడుపున నులిపురుగులు కనిపించినవి. ఇవి చేపల ద్వారా పక్షికి సంక్రమించునవి. గూటిని ఎంత కాచినను చెరువు చెడిన యెడల ఫలము లేదని ఈ ఉదంతము తెలుపుచున్నది.

ఇతర ప్రాంతముల అనుభవము

పశ్చిమ గోదావరి జిల్లాలో ఆరేడు గ్రామము చెంత గూడబాతుల పెద్ద స్థావరము కలదని 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు లోకమునకు తెలియజేసెను. మూడు దశాబ్దములు గడువక మునుపే ఆ తావును పక్షులు విడిచిపోయినవి. ఏటేట వచ్చుచున్నవి గదా, ఎప్పటికిని వచ్చుననుకొనుట పొరపాటని ఆరేడు చాటుచున్నది.

నిలుపుకొనిన గ్రామములును కలవు. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో చెట్లు చాలనందున నీటి నడుమ ఇనుప మంచెలు నిలుపగా వాటిపైననే గూడబాతులు గూళ్లు కట్టుచున్నవి. తమిళనాడు శివగంగ జిల్లాలోని కొల్లుకుడిపట్టి వాసులు పక్షుల కొరకు దీపావళినాడు టపాకాయలు కాల్చుట మానివేసిరి. కర్ణాటకములో మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరు గ్రామస్థులు జారిపడిన పిల్లలను దడిలోనుంచి, చేపలు పెట్టి సాకుటకు ఏర్పాటు చేసికొనిరి. అచ్చట మరియొక ముఖ్య విషయము కలదు. గూళ్లున్న చింతచెట్ల కాపు కోయక విడిచిన యజమానులకు అటవీశాఖ పరిహారమిచ్చెను.

భారము ఎవరిది?

మేము ఈ పాఠమున సభ్యుల ముందుంచదలచిన ప్రధాన విషయము ఇదియే. చింతపండు దులుపు కాలమును, గూడబాతు పిల్లలు గూటిలో నుండు కాలమును ఒక్కటే. కొమ్మ ఎక్కి దులిపిన యెడల గూళ్లు రాలును. దులుపకున్న యెడల యజమానికి ఆ ఏటి రాబడి పోవును. అదిగాక రెట్టల మలినము, కుళ్లిన చేపల వాసన అతని వాకిటనే. ఊరికి పేరు, చూడవచ్చినవారికి వేడుక, నష్టము మాత్రము ఒక్క ఇంటికి. ఇది న్యాయము కాదు. న్యాయము కాని కాపుదల చిరకాలము నిలువదు. ఒకనాడు విసిగి అతడు చెట్టునే అమ్మివేయును. అప్పుడు అతనిని నిందించి ప్రయోజనము లేదు.

పావురముల గూటికి యజమాని ఒకడు. లాభమును, శ్రమయు అతనివే. ఊరి చెట్టుపై గూటికి ఊరంతయు యజమాని. కావున భారమును ఊరంతయు పంచుకొనవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

గూళ్లు గల చెట్లను, వాటి యజమానులను గుర్తించి పట్టిక వ్రాయవలెను. 2002 జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య నిర్వహణ సంఘమును ఏర్పరచవలసి యున్నది. ఆ సంఘము నిర్వహించు ప్రజా జీవవైవిధ్య పట్టికలో ఈ చెట్లను చేర్చుట తగును. చింతకాపు నష్టమును ముందుగా అంచనా కట్టి, పరిహారము కొరకు గ్రామసభలో తీర్మానించి అటవీశాఖకు పంపవలెను. ఆ వాకిళ్ల పారిశుద్ధ్యమును పంచాయతీయే వహింపవలెను.

గూళ్ల కాలమున చెట్ల చెంత బాణాసంచా, మైకులు, డ్రోనులు లేకుండ కట్టుబాటు చేయవలెను. చూడవచ్చినవారు నిలువవలసిన హద్దును గుర్తింపవలెను. చెట్ల క్రింద వలలు కట్టించుటకును, కుక్కలు చేరకుండ దడి వేయుటకును అటవీశాఖ సహాయము కోరవలెను. పిల్ల పడిన యెడల బలవంతముగా నీరు త్రాగింపరాదు. బుట్టక్రింద నీడపట్టున నుంచి వెంటనే అటవీ సిబ్బందికి కబురంపవలెను. ఇంట నుంచుకొని పెంచుట చట్టము ఒప్పదు. పక్షులు చనిపోయి కనిపించిన యెడల వట్టి చేతులతో తాకక పశువైద్యునికి తెలుపవలెను.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము గ్రుడ్లను పాడుచేయుటను, గూటిని కదలించుటను కూడ వేటగానే పరిగణించుచున్నదని దండోరా వేయింపవలెను. చెట్టు కొట్టుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద అనుమతి కావలెనని యజమానులకు నచ్చజెప్పవలెను. ప్రతి వర్షాకాలమున చెరువుగట్లపైనను, పోరంబోకు భూములలోను చింత, రావి, మఱ్ఱి మొక్కలు నాటించి, మూడేండ్లు కంచె వేసి కాపాడవలెను. నేడు నాటిన చింత గూడు మోయుటకు చాల ఏండ్లు పట్టును. కావున ఆలస్యము తగదు.

ఈ పనులలో పెక్కింటికి ధనముకన్న కట్టుబాటు ముఖ్యము. మేత పెట్టు శ్రమ తల్లిపక్షి వహించుచున్నది. దానిని గూటిపై నెమ్మదిగా నిలువనిచ్చుట ఊరి వంతు. ఆ నెమ్మదికై నష్టపడు ఇంటిని ఆదుకొనుట పంచాయతీ వంతు. వచ్చు గ్రామసభలో మొదటి విషయముగా, గూళ్లున్న చెట్టు యజమానిని పిలిచి అతని కష్టము వినవలెనని సభ్యులకు మా మనవి.