నేల ఎవరిది, వృత్తి ఎవరిది?

ఇంటి అరుగుమీద కుట్టుమిషను పెట్టుకొని నాలుగు రూకలు సంపాదించదలచిన ఇల్లాలికి ఎవరి అనుమతి కావాలి? పట్టణాలలో మాస్టర్ ప్లాను నేలను నివాస, వాణిజ్య, పారిశ్రామిక ప్రాంతాలుగా విభజిస్తుంది. పొగ, రొద, ప్రమాదం లేని చేతిపనులకు నివాసప్రాంతంలో సాధారణంగా అభ్యంతరముండదు. పల్లెలలోనైతే, ప్రమాదకరమైన లేదా ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించే పనులకు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం లైసెన్సు పొందాలి. ఈ నియమాలన్నింటి వెనుక ఒక నమ్మకం ఉన్నది. ఇంటికి పన్ను రసీదు, నేలకు పత్రం ఉంటాయని శాసనకర్తలు భావించారు. పత్రమే లేని వృత్తి గతి ఏమిటో శ్రీహరికోట చరిత్ర తెలుపుతుంది.

పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమ ఉన్న ఈ ద్వీపం 2022 వరకు నెల్లూరు జిల్లాలోనిది. అటుపిమ్మట తిరుపతి జిల్లాలో చేరింది. ఇక్కడి అడవి యానాదులకు ఇల్లు, కర్మశాల, అంగడి కూడా. కందమూలాలు, తేనె, చేపలు వారి ఆహారం. కుంకుడుకాయలు, సుగంధిపాల, చిరివేరు వారు సేకరించే సరకు. చిరివేరు నుండి తీసే ఎర్రని రంగుతో కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు శోభిల్లేవి.

మద్రాసు నగరానికి వంటచెరకు సమకూర్చే ఉద్దేశంతో 1835లో ప్రభుత్వం ఈ ద్వీపాన్ని స్వాధీనం చేసుకున్నది. అడవి సర్కారుది కాగా, యానాదులు దానిలో ఏరి తెచ్చిన సరకుకు ధాన్యం, బట్టలు ప్రతిఫలమయ్యాయి. అది కూలియా, వ్యాపారమా అని ఎవరూ విచారించలేదు. 1869 ప్రాంతంలో జర్మనీ రసాయనవేత్తలు అలిజరిన్ అనే కృత్రిమ రంగును తయారుచేయడంతో, చిరివేరుకు క్రమంగా గిరాకీ తగ్గింది. అడవి గడప దాటని మనుషుల బతుకును ఎక్కడో దూరదేశపు ప్రయోగశాల తాకింది.

1969లో రాకెట్ ప్రయోగకేంద్రానికి శ్రీహరికోట ఎంపికైనది. తూర్పున సముద్రం, భూమధ్యరేఖకు సామీప్యం, పలుచని జనసంఖ్య ఇందుకు కారణాలు. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్ ఇక్కడినుండి ఎగిరింది. 2002లో ఈ కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు. ప్రయోగవేదిక చుట్టూ నేల నిర్జనంగా ఉండాలనడం న్యాయమే. ఆ నియమం వలన మనుషుల ప్రాణాలే దక్కుతాయి. చిక్కు మరొకచోట ఉన్నది. 1894 నాటి భూసేకరణ చట్టం భూమిపై హక్కుగలవారికి వెల కట్టి ఇచ్చేది. వేరు తవ్వి, తేనె తీసి బతికేవాని వృత్తికి వెల కట్టే పట్టిక అందులో లేదు. పట్టా లేనివాడు దరఖాస్తు పెట్టుకోవలసిన అధికారి ఎవరో కూడా తెలియని కాలమది.

ఈ లోపాన్ని శాసనం గుర్తించడానికి చాలాకాలం పట్టింది. 2006 నాటి అటవీహక్కుల చట్టం, 2005 డిసెంబరు 13కు పూర్వమే అడవిలో నివసిస్తూ దానిపై ఆధారపడిన షెడ్యూల్డు తెగలకు, చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యహక్కును గుర్తించింది. 2013 నాటి భూసేకరణ చట్టం భూమి లేకపోయినా, అడవిమీదనో నీటిమీదనో బతికే కుటుంబాలను బాధిత కుటుంబాల జాబితాలో చేర్చింది. అటవీ ఉత్పత్తులు ఏరేవారు, వేటగాళ్లు, చేపలు పట్టేవారు, పడవ నడిపేవారు అందులో పేరుపేరునా ఉన్నారు. శ్రీహరికోటను రాకెట్లకు ఎంపిక చేసి అప్పటికి 44 సంవత్సరాలు గడిచాయి.