నోరులేని నొప్పి

జీర్ణాశయం పక్కన, చిన్నప్రేగు మొదటి మలుపును ఆనుకొని క్లోమగ్రంథి ఉంటుంది. దానిలో తయారయ్యే జీర్ణరసాలు ప్రేగులోకి చేరిన తరువాతనే పనిచేయడం ప్రారంభిస్తాయి. క్లోమశోథ అనే వ్యాధిలో అవి గ్రంథిలోనే మేల్కొని, ఆ గ్రంథినే తినివేయసాగుతాయి. మినియేచర్ ష్నాజర్ జాతి కుక్కల రక్తంలో కొవ్వు పెరిగే స్వభావం ఉన్నందున వాటికి ఈ వ్యాధి భయం ఎక్కువ.

బాధపడే కుక్క అన్నం ముట్టదు, వాంతి చేసుకొంటుంది, ముందుకాళ్లు నేలకు చాచి, వెనుక భాగం పైకెత్తి నిలుస్తుంది. ఆడుకోవడానికి పిలుస్తున్నదని భ్రమపడేవారూ ఉన్నారు. వాంతులతో కూడి కనిపించినప్పుడు అది ఆట కాదు, కడుపునొప్పి.

దీర్ఘకాలిక క్లోమశోథను సమూలంగా మాన్పే మందు లేదు. కొవ్వు తక్కువగల ఆహారాన్ని కొద్దికొద్దిగా, రోజుకు మూడు నాలుగు మార్లు పెట్టడమే చికిత్సలో ప్రధానం. పూర్వం గ్రంథికి విశ్రాంతి పేరిట రోజుల తరబడి పస్తుంచేవారు. వాంతులు అదుపులోకి రాగానే ఆహారం మొదలుపెట్టడమే మేలని నేటి పశువైద్యుల అభిప్రాయం. మనుషులు వాడే ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు కుక్కలకు విషతుల్యాలు.

అసలు కష్టం వంటింటిలో ఉన్నది. యజమాని తూచి పెట్టే అన్నం, కొవ్వు తీసి ఉడికించిన కోడిమాంసం ఒకవైపు. పండుగనాడు బామ్మ ప్రేమతో వేసే నేతి అరిసె, పిల్లవాడు బల్ల కిందికి జారవిడిచే వేపుడుముక్క మరొకవైపు. ఆ ఒక్క ముక్కతో నెలల జాగ్రత్త వ్యర్థం కావచ్చు. గ్రంథి క్షీణించిపోతే జీర్ణరసాల పొడిని ప్రతిపూటా ఆహారంలో కలపవలసి వస్తుంది, మధుమేహమూ రావచ్చు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కల క్లోమం నుండే ఇన్సులిన్‌ను రాబట్టారు. మధుమేహం వచ్చిన కుక్కకు నేడు ఇంజక్షనుగా ఇచ్చేది ఇన్సులిన్‌నే.